బేస్ బాక్సు కొనేముందు – నడుము గురించి కొన్ని మాటలు

ఆరోగ్య పత్రికలో స్పీకర్ బాక్సుల సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. బి.పి., షుగరు, పిల్లల టీకాల గురించి రాసే మేము ఈసారి బేస్ గిటార్ బాక్సు గురించి రాయవలసి వచ్చింది. అందుకు కారణం మా ఓ.పి.కి వచ్చిన ఒక తమ్ముడు.

క్రిస్మస్, కొత్త సంవత్సరం కూడికలు ముగిశాక జనవరిలో నడుము పట్టుకుని వచ్చేవాళ్ళను మేము ఏటా చూస్తూనే ఉంటాము. పందిరి గుంజలు ఎత్తినవాళ్ళు, కుర్చీలు మోసినవాళ్ళు, ప్రేమవిందుకు పెద్ద డేగిసాలు దించిన అమ్మలు వస్తారు. పోయిన జనవరిలో వచ్చిన ఈ తమ్ముడికి ఇరవై నాలుగేళ్ళు. ఆదివారం క్వైర్‌లో బేస్ వాయిస్తాడు. మిగతా రోజుల్లో ఆర్కెస్ట్రా వాళ్ళతో కలిసి పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరుగుతాడు. ఈ మూడింటిలో రైలు స్టేషను ఉన్నది మిర్యాలగూడకే. కాబట్టి సామానంతా ట్రాలీ ఆటోలో ఎక్కించడం, దించడం, మళ్ళీ ఎక్కించడమే. ఆ రాత్రి ప్రోగ్రాం అయ్యాక మిగతావాళ్ళు వైర్లు చుట్టుకుంటుంటే తన బాక్సును తానొక్కడే ఎత్తబోయాడు. నడుములో కళుక్కుమన్నది. తెల్లవారేసరికి నొప్పి ఎడమ కాలి వెంబడి పిక్క దాకా దిగింది.

"ఏం మోసినవ్ బాబూ?" అని అడిగాము.

"బాక్సు సిస్టరమ్మా. కొంచెం బరువుంటది."

వెంట వచ్చిన తల్లి ఊరుకోలేదు. "కొంచెమా? ఇద్దరు మోసేది ఒక్కడే మోసిండు. ఆ డబ్బా అమ్మేసి వాయించుడు బంద్ చెయ్యమని చెప్పండి సిస్టరమ్మా. మీ మాటైతే వింటడు" అని కళ్ళు తుడుచుకున్నది. అబ్బాయి తల వంచుకుని, "బంద్ చేస్తే ఇల్లెట్ల గడుస్తదే అమ్మా" అన్నాడు. వాళ్ళిద్దరి మాటా నిజమే.

బాక్సు ఇంకా బయట ఆటోలోనే ఉన్నది. మా వార్డు బాయ్‌లు ఇద్దరు దానిని తెచ్చి ఓ.పి. తూకం మిషను మీద పెట్టారు. 41 కిలోలు! అంతకు ముందే తూకం చూసుకుని వెళ్ళిన ఒక బాలింత కంటే ఆ బాక్సు నాలుగు కిలోలే తక్కువ. అబ్బాయి కూడా ఆ అంకె చూసి ఆశ్చర్యపోయాడు. మూడేళ్ళుగా మోస్తున్నా దాని బరువెంతో అతనికి తెలియదు.

ముందు నడుము సంగతి చెబుతాము. ఇటువంటి నొప్పి ఎక్కువగా వెన్నెముక అడుగున ఉండే చివరి రెండు డిస్కుల దగ్గర పుడుతుంది. డిస్కు ఉబ్బి పక్కన ఉన్న నరాన్ని ఒత్తితే నొప్పి కాలిలోకి దిగుతుంది. మేము నర్సింగు చదువుకున్న రోజుల్లో నడుము నొప్పి అంటే చెక్క బల్ల మీద వారాల తరబడి పడుకోబెట్టేవాళ్ళము, కాలికి బరువులు వేలాడదీసేవాళ్ళము. అది మంచిదనే నమ్మాము. 1995లో ఫిన్లండ్‌లో జరిగిన ఒక పరిశోధనలో, మంచం పట్టిన వాళ్ళకంటే ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవాళ్ళే త్వరగా కోలుకున్నారని తేలింది. ఇప్పుడు మేము కూడా లేచి నడవమనే చెబుతున్నాము. ఎక్కువమందికి కొన్ని వారాల్లో ఆపరేషను లేకుండానే తగ్గుతుంది. అయితే మూత్రం రాక బిగబట్టినట్లు ఉన్నా, మలమూత్రాలు తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట, తొడల లోపలి వైపు తిమ్మిరిగా ఉన్నా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి రావాలి. రాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగవద్దు. ఈ తమ్ముడికి ఆ లక్షణాలేవీ లేవు.

ఇక బరువు మాట. "మిర్యాలగూడ రైసు మిల్లుల్లో హమాలీలు 50 కిలోల బస్తా మోస్తలేరా? నాకు 41 ఎందుకు ఎక్కువైతది?" అని అతను అడిగాడు. మంచి ప్రశ్నే. హమాలీ తానే వంగి నేల మీది బస్తాను ఎత్తుకోడు, ఇంకొకరు పట్టి భుజానికి ఎత్తుతారు. బస్తా వీపుకు అతుక్కుని ఉంటుంది. బాక్సు అలా కాదు. పెట్టెలా వెడల్పుగా ఉండి, చేతులు బారచాపి పట్టుకోవాలి. బరువు ఒంటికి ఎంత దూరమైతే నడుము మీద అంత భారం పడుతుంది. బిందెను చంకలో పెట్టుకుని నడవడానికీ, అదే బిందెను చేతులు చాచి పట్టుకుని నడవడానికీ తేడా మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. అదీగాక హమాలీల వెన్నెముకలు బాగున్నాయని ఎవరు చెప్పారు? వాళ్ళూ మా ఓ.పి.కి వస్తారు.

అమెరికాలో నయాష్ అనే ప్రభుత్వ సంస్థ పనిచోట్ల ఆరోగ్యం మీద పరిశోధనలు చేస్తుంది. బరువులు ఎత్తడానికి 1991లో సవరించిన దాని లెక్క ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఒక మనిషి ఎత్తదగినది 23 కిలోలే. అంటే బరువు ఒంటికి దగ్గరగా ఉండాలి, నడుము తిప్పకూడదు, పట్టుకోవడానికి మంచి పిడి ఉండాలి. అదే బరువు ఒంటికి అర మీటరు దూరంలో ఉంటే ఆ లెక్క సగమై 11 కిలోల చిల్లరకు వస్తుంది. పేషెంట్లను చేతులతో ఎత్తే విషయంలో నర్సులకు 16 కిలోలు హద్దుగా 2007లో సూచించారు. ఆ హద్దు తెలియని రోజుల్లో ఎత్తీ ఎత్తీ నడుములు పాడుచేసుకున్నవాళ్ళు మాలోనే ఉన్నారు. అందుకే ఈ తమ్ముడి బాధ మాకు కొత్త కాదు.

వాయించుడు మానెయ్యమని మేము చెప్పలేదు. బాక్సు మార్చమన్నాము. "ఏ బాక్సు కొనాలె మరి?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు కోసం మేము రెండు మూడు వారాలు తెలిసినవాళ్ళను అడిగి, పుస్తకాలు చూసి, అతనితోనే మాట్లాడి తెలుసుకున్న సంగతులు మిగతా తమ్ముళ్ళకు కూడా పనికివస్తాయని రాస్తున్నాము.

బేస్ బాక్సులు ఎందుకు అంత బరువు?

బేస్ గిటార్‌లో అన్నిటికంటే మందమైన తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. అంత లోతైన స్వరాన్ని గదంతా వినిపించాలంటే చాలా గాలిని కదిలించాలి. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను అమ్మకానికి తెచ్చినప్పటి నుండి దానికి సరిపడా బాక్సు చేయడం కంపెనీలకు పెద్ద పనే అయింది. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్.వి.టి. ఆంప్లిఫయర్‌ను, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్లు ఉన్న బాక్సును తెచ్చింది. ఆ రకం బాక్సు బరువు సుమారు 63 కిలోలు. అది రోలింగ్ స్టోన్స్ వంటి బ్యాండ్ల కోసం, అంటే మోయడానికి వేరే మనుషులున్న వాళ్ళ కోసం చేసిన వస్తువు. మన పిల్లలు బొమ్మల్లో దానినే చూసి, బేస్ అంటే ఇంత పెద్ద బాక్సు ఉండాలని అనుకుంటారు. (వీళ్ళ తండ్రుల తరం మాత్రం 'గీతాంజలి' రోజుల్లో ఇళయరాజా గారి బేస్‌ను చిన్న టేపురికార్డరులో విని మురిసిపోయింది.)

బాక్సులో బరువైనవి రెండు: చెక్క, స్పీకర్ వెనక ఉండే అయస్కాంతం. పాత స్పీకర్లలో ఫెరైటు అనే నల్లని గుండ్రటి రాయి వంటి అయస్కాంతం ఉంటుంది. 1980లలో జపాన్, అమెరికా శాస్త్రజ్ఞులు విడివిడిగా నియోడిమియం అయస్కాంతాన్ని కనుగొన్నారు. అది చిన్న ముక్కే అయినా బలం చాలా ఎక్కువ. అది వేసిన స్పీకరు పాతదానిలో సగం బరువుకు దగ్గరగా ఉంటుంది. ధర మాత్రం ఎక్కువ.

చెక్క విషయానికి వస్తే, 8 అడుగులకు 4 అడుగుల 18 మిల్లీమీటర్ల ఎం.డి.ఎఫ్. షీటు సుమారు 40 కిలోలు తూగుతుంది. అదే కొలతలో బర్చ్ ప్లైవుడ్ 36 కిలోల దాకా, పాప్లర్ ప్లైవుడ్ 25 కిలోల లోపు ఉంటాయి. ఈ తమ్ముడి బాక్సు ఊళ్ళోని వడ్రంగి చేత చేయించినది. గట్టిగా ఉండాలని మందమైన చెక్క వేయించి, లోపల 15 అంగుళాల ఫెరైటు స్పీకరు బిగించారు. వడ్రంగి తప్పేమీ లేదు. దానిని ఎవరు మోస్తారని అడిగినవాళ్ళు లేరు.

ఆంప్లిఫయర్లు ముందే తేలికయ్యాయి. క్లాస్ డి అనే పద్ధతి వచ్చాక కొన్ని వందల వాట్ల బేస్ ఆంప్లిఫయరు మూడు కిలోల లోపే దొరుకుతున్నది. బరువంతా ఇప్పుడు బాక్సు దగ్గరే ఉన్నది.

తేలిక వేరు, చిన్నది వేరు

దుకాణాల్లో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. స్పీకర్ బాక్సులు చేసేవాళ్ళకు హాఫ్‌మన్ సూత్రమని ఒకటున్నది. బాక్సు చిన్నగా ఉండాలి, గట్టిగా మోగాలి, లోతైన స్వరం రావాలి – ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి, మూడవదాన్ని వదులుకోవాలి. ఆ సూత్రం మాట్లాడేది బాక్సు లోపలి చోటు గురించి, బరువు గురించి కాదు. కనుక చెక్క మార్చి, అయస్కాంతం మార్చి తేలిక చేసిన మంచి సైజు బాక్సు శబ్దంలో ఏమీ పోగొట్టుకోనవసరం లేదు. సైజు బాగా తగ్గించిన బాక్సు మాత్రం ఏదో ఒకటి పోగొట్టుకుంటుంది. అందువల్ల "చిన్నగ, ముద్దుగ ఉన్నది" అని కొనవద్దు, తూకం వేయించి కొనండి.

బాక్సు మీద రాసిన వాట్లను చూసి కూడా మోసపోవద్దు. అది ఎంత తట్టుకుంటుందో చెబుతుంది గాని ఎంత మోగుతుందో చెప్పదు. ఒక వాటుకు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్సో చూడాలి. 98 ఉన్న బాక్సు 100 వాట్లతో చేసే పనిని 95 ఉన్నది 200 వాట్లతో చేస్తుంది.

ఇంకొకటి ఓమ్స్. మీ ఆంప్లిఫయరు 4 ఓమ్స్ దాకా పనిచేసేదైతే 8 ఓమ్స్ బాక్సులు రెండు కలపవచ్చు, రెండూ కలిసి 4 అవుతాయి. 4 ఓమ్స్ బాక్సులు రెండు కలిపితే 2కు దిగి ఆంప్లిఫయరు వేడెక్కి కాలిపోవచ్చు. కొనేటప్పుడే 8 ఓమ్స్‌ది అడిగితే రేపు రెండవది చేర్చుకునే వీలుంటుంది.

మా అభిప్రాయం ఏమంటే, పెద్ద బాక్సు ఒకటి కొనడం కంటే 12 అంగుళాల స్పీకరు ఒక్కటే ఉన్న తేలిక బాక్సులు రెండు కొనడం మేలు. రెండింటికీ ఒకేసారి డబ్బు లేకపోతే ఈ ఏడు ఒకటి, వచ్చే ఏడు ఒకటి కొనుక్కోవచ్చు. ఈ రకంలో ఆగిలార్ కంపెనీ ఎస్.ఎల్. 112 అనే బాక్సు 11 కిలోల పైచిలుకు మాత్రమే ఉంటుంది. ఇంకా కొన్ని కంపెనీలు 15 కిలోల లోపు చేస్తున్నాయి. ఇవి పై దేశపు వస్తువులు, ఖరీదు ఎక్కువే, కాదనము. వాడినవి దొరికితే చూసుకోవచ్చు. చిన్న గదికి ఒకటి చాలు. ఆరుబయట కూడికకు రెండూ తీసుకెళ్ళి ఒకదానిపై ఒకటి పెడితే పై స్పీకరు చెవికి దగ్గరగా వస్తుంది. ఒకే రకం బాక్సు రెండవది చేరిస్తే 6 డెసిబెల్స్ దాకా శబ్దం పెరుగుతుంది. మోసేటప్పుడు రెండు చేతులకు రెండు బకెట్లలా బరువు సమంగా పడుతుంది, నడుము ఒక పక్కకు వంగదు.

కొత్తది కొనలేనివాళ్ళు పాత బాక్సులోనే నియోడిమియం స్పీకరు వేయించవచ్చా అని అడుగుతారు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట్ల స్పీకర్లు విడిగా దొరుకుతాయి. అయితే ప్రతి స్పీకరుకూ ఇంత లోపలి చోటు కావాలని ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క తెలిసినవాళ్ళను అడగకుండా మార్చితే డబ్బులు పోయి, బేస్ కూడా పోతుంది. అదీగాక మందమైన చెక్క బరువు అలాగే ఉంటుంది.

దుకాణంలో ఏం చేయాలి? ముందు బాక్సును మీరే ఎత్తి, దుకాణం బయటిదాకా నడిచి, మళ్ళీ లోపలికి తెండి. సిగ్గుపడవద్దు. పిడి పైన, సరిగ్గా బరువు మధ్యలో ఉన్నదా? బాక్సు మోకాలికి కొట్టుకుంటున్నదా? చక్రాలున్న బాక్సు నున్నని గచ్చు మీద బాగుంటుంది గాని మన ప్రార్థన మందిరాల ముందు కంకర మీద, మెట్ల మీద దానిని మోయవలసిందే. తరువాత, డాక్టరుగారు రొమ్ము మీద వేలితో తట్టి విన్నట్లు బాక్సు పక్క చెక్కలను తట్టి వినండి. "టక్ టక్"మని పొట్టిగా మోగితే లోపల అడ్డుబద్దలు ఉన్నట్టు. డప్పులా బోలుగా మోగితే పలుచని చెక్క, అది వాయించేటప్పుడు తానూ ఊగి స్వరాన్ని మసక చేస్తుంది. ఆ తరువాతనే గిటార్ తగిలించి, ఒంటరిగా కాక డ్రమ్స్, కీబోర్డు మోగుతుండగా వినండి. మీ సొంత గిటార్ పట్టుకెళ్ళండి.

పెద్ద కన్వెన్షన్లలో సౌండ్ సిస్టమ్ వాళ్ళు డి.ఐ. బాక్సు అనే చిన్న డబ్బా ద్వారా గిటార్‌ను నేరుగా మిక్సర్‌కు కలుపుతారు. జనానికి వినిపించేది వాళ్ళ స్పీకర్లే. మీ బాక్సు మీకూ డ్రమ్మరుకూ వినబడితే చాలు. దానికోసం 41 కిలోలు మోయడం ఎందుకు? పాటలకు, ప్రసంగానికి పెట్టిన హారన్లు మాత్రమే ఉన్న పల్లె కూడికల్లో మాత్రం బేస్ బాక్సు తప్పనిసరి.

బాక్సును నేల మీద పెట్టి దాని ముందే నిలబడితే శబ్దం మోకాళ్ళకు తగులుతుంది, చెవికి వినబడదు. దానితో ఇంకా పెంచుతారు. బల్ల మీద పెట్టండి, లేదా కొంచెం వెనక్కి వాల్చండి. చెవులకు కూడా నయాష్ లెక్క ఉన్నది: 85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగం. 100 దగ్గర 15 నిమిషాలే. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గీమని మోత ఉంటే హద్దు దాటినట్లే. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు కూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెబుతున్నాయి, మా వార్డుల్లోని పేషెంట్లు కూడా అదే కోరుకుంటారు.

ఒక జాగ్రత్త. పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దలు సాయం చేద్దామని స్పీకరును రొమ్ముకు ఆనించి ఎత్తవద్దు. అయస్కాంతానికి కనీసం ఆరు అంగుళాల దూరం ఉండాలి.

తేలిక బాక్సునైనా ఆటోలోకి విసిరినట్లు ఎత్తకూడదు. మేము పేషెంటును స్ట్రెచర్ నుండి మంచం మీదికి ఎత్తము, దుప్పటి పట్టి జరుపుతాము. అలాగే ఆటో అంచుకు ఒక చెక్క పలక ఆనించి, బాక్సును దాని మీదుగా తోయండి. ఎత్తవలసి వస్తే మోకాళ్ళు వంచి, బాక్సును ఒంటికి ఆనించి లేవండి. తిరగాలంటే పాదాలు తిప్పండి, నడుము తిప్పవద్దు. ఏడు గంటలు నిలబడి వాయించి అలసిన రాత్రిపూట ఈ మాట ఎక్కువ గుర్తుండాలి.

ఈ తమ్ముడికి ఆరు వారాల్లో కాలి నొప్పి పోయింది. రెండు నెలలు స్టూలు మీద కూర్చుని వాయించాడు, క్వైర్ పిల్లలు సామాను మోశారు. వేసవి పెళ్ళిళ్ళకు ముందు వాడిన బాక్సు ఒకటి కొన్నాడు, 12 అంగుళాలది. కొన్న మర్నాడే తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, దానిని ఒక చేత్తో పట్టుకుని మా తూకం మిషను మీద పెట్టాడు. 14 కిలోలు. తల్లి తానూ ఒకసారి ఎత్తి చూసి, "గిదైతే నేనే మోస్త" అన్నది. పాత బాక్సును అమ్మలేదు. అది మందిరంలో స్టేజి పక్కన ఒకే చోట ఉంటుంది, ఆదివారాలు అక్కడే మోగుతుంది. దానిని ఎవరూ కదిలించరు. రెండవ తేలిక బాక్సుకు డబ్బు కూడబెడుతున్నాడు.

బరువులు ఎత్తే పద్ధతి నేర్చుకోవాలనుకునే క్వైర్ పిల్లలు, ఆర్కెస్ట్రా తమ్ముళ్ళు మా ఫిజియోథెరపీ గదికి రావచ్చు. వచ్చేటప్పుడు మీ బాక్సు కూడా తెచ్చుకోండి, తూకం మేము చూస్తాము. దించడానికి మాత్రం వార్డు బాయ్‌లను పిలవండి.